చెవిలో రెండో గొంతు

ఆ శనివారం పొద్దున రెనే వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, లైల్ మెడకు టై కట్టడం, మిల్ఫర్డ్ కొట్లో వెన్న తీసుకోవడం, పదకొండింటికల్లా చర్చికి చేరడం. పెళ్ళయిన కొత్త కాబట్టి ఇలాంటి పథకాలు వేసుకోవడమే ఆమెకు పండగలా ఉండేది. గుమ్మం పక్కన అతని బూట్లూ తన బూట్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటం చూసి రోజూ కొత్తగా మురిసిపోయేది. పెళ్ళికి మూడు టోస్టర్లు బహుమతిగా వచ్చాయి. ఇచ్చినవాళ్ళలో ఎవరి మనసూ నొచ్చుకోకూడదని మూడింటినీ వంతులవారీగా వాడేది.

"ఇంకోసారి అను," అంది టై ముడి బిగిస్తూ.

లైల్ గొంతు సవరించుకున్నాడు. టై ముడి కింద చిన్న మైకు ఉంది. దాన్నుంచి ఒక తీగ నడుముకు తగిలించిన సబ్బుపెట్టెంత యంత్రంలోకి, అక్కణ్ణుంచి ఇంకో తీగ వీపు మీదుగా కుడిచెవిలోకి పోయాయి. చెవిలో బఠానీగింజంత బిళ్ళ.

"రెనే," అన్నాడు. కాస్త సాగదీసి, ఊయల ఊపినట్టుగా అన్నాడు. కానీ ఎక్కడా తట్టుకోలేదు.

"ఇంకోసారి."

"రెనే. కాఫీ పొంగిపోతోంది, రెనే."

"పోనీ."

కాఫీ నిజంగానే పోయింది. ఆ ఇంట్లో కాఫీ మాడిన వాసన ఎప్పుడొచ్చినా, ఇన్నేళ్ళ తర్వాత కూడా, రెనేకు ఆ పొద్దుటి పిలుపే గుర్తొస్తుంది.

లైల్ స్కోగెన్‌కు చిన్నప్పటి నుంచీ నత్తి. పాడైన ట్రాక్టరును ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించడం అతనికి మంచినీళ్ళు తాగినంత తేలిక. మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులో ఏదో అడ్డం పడేది. అన్నిటికన్నా 'ర' అక్షరం అతన్ని ఏడిపించేది. వెతికి వెతికి ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పిల్లనే ప్రేమించాడు. పెళ్ళినాడు పాస్టర్ ఎంగెన్ తొందరపాటు మనిషి కావడంతో, ఆయన ప్రమాణం అప్పజెప్పడమూ ఇతను తిరిగి చెప్పడమూ ఒకదాని మీద ఒకటి పడి, ఇద్దరూ కలిసి చదివినట్టయి గట్టెక్కాడు. ఇంట్లో భార్యను పిలవాలంటే ఈల వేసేవాడు. రెనేకు ఆ ఈల కూడా ముద్దుగానే ఉండేది. కానీ ఆ శనివారం ఈలతో గడిచేది కాదు.

వాళ్ళు వెళ్ళే పడమటి చర్చిలో ఏటా అక్టోబరులో చేపవిందు. ఎండిన కాడ్ చేపను క్షారంలో నానబెట్టి, కడిగి, ఉడికించి, అది ఇంకా వణుకుతూ ఉండగానే పళ్ళెంలో వేసి, పైన కరిగిన వెన్న పోస్తారు. లూటెఫిస్క్ అంటారు. తాతలు నార్వే నుంచి ఓడలెక్కి వస్తూ వెంట తెచ్చుకున్న వంట. మినెసోటాలోని ఆ ఊళ్ళో అది నచ్చదన్నవాళ్ళు లేరు. నచ్చి మారు వడ్డించుకున్నవాళ్ళు కూడా పెద్దగా లేరు.

విందుకొచ్చిన జనం పైన చర్చిలో బల్లల మీద నంబరు చీటీలు పట్టుకుని కూర్చుంటారు. కింద నేలమాళిగలో చోటు ఖాళీ అయినకొద్దీ మెట్ల దగ్గర ఒక మనిషి నిలబడి నంబర్లు పిలుస్తాడు. ఆ పని ఆ ఏడు కొత్తగా పెళ్ళయిన మగవాడిది. అందరూ తిన్నాక, వడ్డించిన ఆడవాళ్ళు కూర్చునే ముందు, అతను తన భార్యను ఇంటిపేరుతో సహా పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపుతోనే ఆమె ఆ చర్చి మనిషి అయినట్టు. ఆ పిలుపు కోసం ఆడపిల్లలు చిన్నప్పటి నుంచీ కలలు కనేవారు. రెనే మూడు ఊళ్ళ అవతలి నుంచి వచ్చిన పిల్ల. అత్తగారి నోట ఈ ఆచారం విన్ననాటి నుంచే ఆమె కూడా కలలు కనడం మొదలుపెట్టింది.

ఆ ఏడు ఊళ్ళో జరిగింది ఒకటే పెళ్ళి. లైల్ చేత పిలిపించొద్దని ఎవరైనా అనాలంటే అతని నత్తి మాట ఎత్తాలి. ఎత్తడం మర్యాద కాదు. నావల్ల కాదని లైల్ చెప్పాలన్నా ఆ మాటే ఎత్తాలి. అలా ఎవరూ ఏమీ అనకుండానే ఆ పని అతని నెత్తిన పడింది.

రెనే ఊరుకునే మనిషి కాదు. తను చదివిన యూనివర్సిటీలో నత్తికి వైద్యం చేసే చోటు ఒకటి ఉందని గుర్తుతెచ్చుకుని మొగుణ్ణి లాక్కెళ్ళింది.

"చర్చిలో అందరితో కలిసి చదివేటప్పుడు నత్తి వస్తుందా?" అని అడిగింది అక్కడి డాక్టరమ్మ.

"ర... ర... రాదు."

"చాలామందికి రాదు. పక్కన ఇంకో గొంతు తోడుంటే మాట సాగిపోతుంది. ఈ పెట్టె ఆ ఇంకో గొంతు అనుకోండి. మీ మాటనే రెప్పపాటు ఆలస్యంగా మీ చెవిలో మళ్ళీ చెబుతుంది. అందరికీ పనిచెయ్యదు. మీకు చేస్తుందేమో, పట్టుకెళ్ళి వాడి చూసి తిరిగి ఇవ్వండి. నిదానంగా మాట్లాడటం మాత్రం మరిచిపోవద్దు."

పనిచేసింది. ఆ వారమంతా లైల్ భోజనాల బల్ల దగ్గర పేపరు పైకి చదివాడు, పందుల ధరలతో సహా. రెనే గడ్డం కింద చేతులు పెట్టుకుని ప్రేమలేఖ విన్నట్టు వింది. ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

"ఎవరికీ చెప్పకు. యంత్రం పెట్టుకుని కూడా మాట్లాడలేకపోతే ఇక నాకు చెప్పుకోడానికి సాకు కూడా మిగలదు."

"ప్రాణం పోయినా చెప్పను," అంది రెనే. ఆ మాట ఇంత ఖరీదు పలుకుతుందని ఆమెకు అప్పుడు తెలియదు.

మిల్ఫర్డ్ కొట్టులో వెన్న నుంచి విద్యుత్ మోటార్ల దాకా అన్నీ అమ్ముతారు. అక్కడ ఒక్క వాక్యం మాట్లాడి అలవాటు చేసుకోవాలని లైల్ ఆలోచన. దారంతా బండిలో ఆ వాక్యాన్నే వల్లించాడు.

"ఏమోయ్ కొత్త పెళ్ళికొడకా, ఉప్పు వెయ్యని వెన్నా, వేసినదా?" అన్నాడు మిల్ఫర్డ్.

ఎవరి గొంతు ఎవరిదో మైకుకు తెలియదు. మిల్ఫర్డ్ ప్రశ్న, వెనక పాలు చల్లబరిచే యంత్రం రొద, గంట కట్టిన తలుపు చప్పుడు, అన్నీ లైల్ చెవిలో రెండేసి సార్లు పడ్డాయి.

"ఏంటీ?" అన్నాడు.

"వెన్నోయ్. ఏ రకం అంటున్నా."

"ఏంటీ?"

మిల్ఫర్డ్ కళ్ళు మెల్లగా లైల్ కుడిచెవి మీదికి పోయి, మర్యాదగా వెనక్కి వచ్చేశాయి. అంతలో లైల్ ఊపిరి తీసుకుని తను వల్లించిన వాక్యం వదిలాడు.

"ఉప్పు వేసిన వెన్న, రెండు పెట్టెలు. ఇవాళ చలి బాగానే ఉంది."

ఒక్క తట్టు లేదు. కాకపోతే చెవిలో బిళ్ళ ఉన్నవాడికి తన గొంతు ఎంత పెద్దదో అంతుపట్టదు. అవతలి అరల మీది గాజుసీసాలు కూడా ఆ మాట విన్నాయి. మిల్ఫర్డ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వెన్నపెట్టెలు బండి దాకా తనే మోసుకొచ్చి, రెనే చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నొక్కాడు.

"ఆయన ముఖం చూశావా?" అంది రెనే బండి కదలగానే. "నువ్వు అంత చక్కగా మాట్లాడేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం."

ఆ బండి మలుపు తిరగకముందే మిల్ఫర్డ్ చర్చి వంటగదికి ఫోన్ చేశాడు. అక్కడ పెత్తనమంతా లైల్ తల్లి ఆర్డిస్‌ది.

"ఆర్డిస్, మీ నాన్నకి చెవుడు ఏ వయసులో వచ్చిందో గుర్తుందా?"

"ఎందుకు?"

"ఊరికే. వెన్న మీవాడి చేత ఇప్పుడే పంపించాను."

ఆ ఊళ్ళో ఇంతకన్నా సూటిగా ఎవరూ ఏ మాటా చెప్పరు.

రెనే వెన్నతో వంటగదిలోకి దిగేసరికి ఆర్డిస్ చేపల గిన్నె వదిలేసి ఎదురొచ్చింది.

"వాడి చెవిలో ఏంటమ్మాయ్ అది?"

"చలిగాలి తగలకుండా పెట్టుకున్నాడు అత్తయ్యా."

"రెండో చెవికి చలి వెయ్యదా?"

రెనే ఒక్క క్షణం ఆలోచించింది. "అది కాస్త గట్టిదిలెండి."

ఆర్డిస్ కోడల్ని దగ్గరికి లాక్కుని, చేపనీళ్ళు కారుతున్న చేతులతోనే గుండెలకు హత్తుకుంది. "బంగారం లాంటి పిల్లవి. ఏమొచ్చినా వాణ్ణి వదలవు కదా?"

"ఎందుకు వదులుతాను?" అంది రెనే ఆశ్చర్యంగా. పెళ్ళయ్యాక అత్తగారు తనను దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. తను తెచ్చిన వెన్న అంత నచ్చిందేమో అనుకుంది. ఆ ఆనందంలో, వంటగదిలో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గుసగుసలు ఎందుకు మొదలుపెట్టారో పట్టించుకోలేదు.

పైకి వెళ్ళాక గాని విషయం బోధపడలేదు. పాస్టర్ ఎంగెన్ లైల్ ముక్కుకు తన ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, పెదవులు గుండ్రంగా తిప్పుతూ అరుస్తున్నాడు. "లై-ల్. బా-గు-న్నా-వా." ఆ అరుపు యంత్రంలో పడి మళ్ళీ వచ్చేసరికి లైల్ అదిరిపడి చెవి మూసుకున్నాడు. పాస్టరు జాలిగా తల ఆడించి ఇంకా గట్టిగా అడిగాడు. బల్లల దగ్గర ముసలాళ్ళు లైల్‌కు చేతులూపి సైగలతో పలకరిస్తున్నారు. ఇంతలో మిల్ఫర్డ్ నిచ్చెన వేసుకుని గోడలకు లౌడుస్పీకరు గొట్టాలు బిగించసాగాడు. కొత్త సరుకు, ఇంకా అట్టపెట్టెల వాసన పోలేదు.

"ఎందుకండీ ఇవన్నీ?" అని అడిగింది రెనే.

"ఏమీ లేదమ్మా, పిలిచేవాడికి తన గొంతు తనకి వినపడాలి కదా," అని, వంగి గొంతు తగ్గించాడు. "మాట మన మధ్యే ఉండనీ."

రెనే మొగుణ్ణి తలుపు చాటుకు లాగింది. "నీకు చెవుడొచ్చిందనుకుంటున్నారు అందరూ. చెప్పెయ్యనా?"

"వద్దు," అన్నాడు లైల్. "చెవిటివాణ్ణి ఎవరూ తొందరపెట్టరు. అదే నయం."

పదకొండు కొట్టారు. లైల్ ఆ గొట్టాలకు తగిలించిన మైకు ముందు నిలబడి మొదటి నంబరు పిలిచాడు. ఆ పిలుపు ముందు అతని నోట్లోంచి, తర్వాత యంత్రంలోంచి, ఆ తర్వాత నాలుగు గోడల మీది గొట్టాల్లోంచి, వాటిని మళ్ళీ విన్న యంత్రంలోంచి వరసగా వచ్చింది. తోడుగా ఒక గొంతు ఉంటే చాలనుకున్నవాడికి తిరణాల మొత్తం తోడొచ్చింది. పాత నంబరు చెవిలో చల్లారితే గాని కొత్తది ఎత్తుకోలేకపోయాడు. అక్షరం అక్షరం విడదీసి పలికాడు. "ప... ద... కొం... డు." ఆ తర్వాత మూడు నిట్టూర్పుల మౌనం.

కింద నేలమాళిగలో రెనే వెన్నకూజా పట్టుకుని నిలబడింది. పోయడానికి మనుషులు లేరు. బల్లలు ఖాళీ. పొయ్యి మీద చేప ఉడుకుతూనే ఉంది. ఆ చేపతో వచ్చిన చిక్కే అది. గడియ ముందైతే రబ్బరు, గడియ దాటితే జావ. ఆర్డిస్ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. చేప వణకడం మానేసి పారడం మొదలుపెట్టింది.

"పైన ఏమవుతోందే?" అంది కోడలితో.

"వస్తున్నారు అత్తయ్యా. నిదానంగా వస్తున్నారు."

పైన మిల్ఫర్డ్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. లైల్ కావాలనే సాగదీస్తున్నాడు. అంటే కింద చేప చాలలేదు. ఆర్డిస్ పరువు పోకుండా కొడుకు అడ్డు నిలబడ్డాడు. ఎంత మంచి కుర్రాడు, దానికి తోడు చెవుడు. మిల్ఫర్డ్ ఎవరికీ చెప్పకుండా కోటు తొడుక్కుని తూర్పు చర్చికి నడిచాడు.

తూర్పు చర్చికీ పడమటి చర్చికీ మధ్య ఒక రోడ్డూ, కారణం ఎవరికీ గుర్తులేని ఒక అలకా ఉన్నాయి. ఆర్డిస్ సొంత చెల్లెలు వివియన్ పెళ్ళయి తూర్పు చర్చికి వెళ్ళాక, అక్కాచెల్లెళ్ళు ఒక వంటగదిలో నిలబడింది లేదు. వాళ్ళ విందు మరుసటి శనివారం కావడంతో చేప అప్పటికే నాని సిద్ధంగా ఉంది. మిల్ఫర్డ్ అక్కడ కూడా సూటిగా ఏమీ అనలేదు. "మా దగ్గర జనం బాగా వచ్చారు," అన్నాడంతే. వివియన్ ఆ మాటలో అడుగు దాకా చూసింది. అప్పటికప్పుడు ఉడికించిన చేప, ఎలక్ట్రిక్ కుండలు, వాటిని మోయడానికి తూర్పు చర్చి సగం జనమూ కలిసి రోడ్డు దాటారు.

వాళ్ళు మెట్లు దిగుతుంటే ఆర్డిస్ ముఖం వెన్నలా పాలిపోయింది.

"అక్కా, కొంచెం ఎక్కువ వండాం," అంది వివియన్.

"మాకూ ఎక్కువే ఉంది," అంది ఆర్డిస్, జావ మీద మూత గట్టిగా నొక్కుతూ.

"ఉంటుందిలే. చల్లారకుండా వీటిని ఎక్కడ పెట్టను?"

వద్దనడం మర్యాద కాదు. గోడకున్న ప్లగ్గులన్నిటిలో తూర్పు చర్చి కుండలు గుచ్చారు. అవే తీగల మీద అప్పటికే కాఫీ బాయిలర్లూ, పైనున్న మిల్ఫర్డ్ గొట్టాలూ బతుకుతున్నాయి. ఠప్పుమని ఒక చప్పుడు. దీపాలు పోయాయి. లౌడుస్పీకరు సగం నంబరు పలికి ఆగిపోయింది.

రెనే కూజాతో సహా మెట్లెక్కి పరుగెత్తింది. పైన కిటికీల్లోంచి అక్టోబరు ఎండ పసుపుగా పడుతోంది. రెండు చర్చిల జనంతో బల్లలు నిండిపోయాయి. ఏమైందేమైందని అందరూ ఒకరి చెవిలో ఒకరు మర్యాదగా గొణుక్కుంటున్నారు. ఆ గొణుగుడంతా రెండింతలై లైల్ చెవిలో తేనెటీగల్లా ముసిరింది. అతను ఒక్క గుంజుడుతో బిళ్ళ బయటికి లాగేశాడు. తీగ టై మీద వేలాడింది.

"ఇ... ఇ... ఇ..." అన్నాడు. ఇరవై దగ్గర ఆగిపోయాడు.

అతను దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే జరుగుతోంది, రెండు చర్చిల కళ్ళ ముందు.

ముందు బల్లలో కూర్చున్న ఒక ముసలామె లేచి నిలబడింది. పాపం, గొట్టాలు ఆగిపోయేసరికి కుర్రాడికి తన గొంతు వినపడటం లేదు అనుకుంది ఆవిడ. చేతిలో చీటీ ఎత్తి, ఆదివారం ప్రార్థన చదివే గొంతుతో అంది. "ఇరవై." పక్కవాళ్ళకు విషయం అర్థమైంది. ప్రతి ఆదివారం అందరూ కలిసి పైకి చదవడం పుట్టుకతో వచ్చిన అలవాటు ఆ జనానికి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఊరుకోలేరు. "ఇరవై ఒకటి," అన్నారు అందరూ. లైల్ కూడా అన్నాడు. అతని గొంతు వాళ్ళ గొంతుల్లోకి చెయ్యి పట్టుకున్నట్టుగా దూరిపోయింది. "ఇరవై రెండు." తట్టు లేదు, సాగదీత లేదు. అతను చెయ్యి ఎత్తితే జనం ఎత్తుకున్నారు, దించితే ఆపారు. తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ ఒకే గొంతుతో నంబర్లు చదువుతుంటే కింద ఆర్డిస్, వివియన్ కొవ్వొత్తుల వెలుగులో పళ్ళేలు అందించలేక ఆయాసపడ్డారు. ఎవరి చేప ఎవరి పళ్ళెంలో పడిందో ఎవరూ చూడలేదు. జావ కూడా చెల్లిపోయింది.

రెనే ఆ తర్వాత ఎన్నో పాటలు వింది. అంత బాగున్న పాట మాత్రం వినలేదు.

నంబర్లు అయిపోయాయి. తిన్నవాళ్ళు కూడా పైకి వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. రెనే మెట్ల మొదట్లో, కూజా పట్టుకుని, ఏప్రన్ మీద వెన్న మరకలతో ఉంది. ఇక మిగిలింది ఒక్క పిలుపు. అందరూ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. నంబరైతే ఎవరైనా అనొచ్చు. పెళ్ళాం పేరు మొగుడిది.

"ర..." అన్నాడు లైల్. "ర... ర..."

అతని మెడ నరాలు బిగుసుకున్నాయి. టై మీద తీగ ఊగుతోంది. రెనే పెదవులు తెలియకుండానే కదిలాయి, అతనికి తోడు అందిద్దామని. అంతలోనే మూసుకుంది. తన పేరు తనే పిలుచుకుంటే ఇన్నాళ్ళు కన్న కల ఎందుకు? ఎంతసేపైనా పిలు, నేనెక్కడికీ పోను అనుకుంటూ అతని కళ్ళలోకే చూస్తూ నిలబడింది. చేతిలో కూజా వాలిపోయి వెన్న ధారగా పాస్టర్ ఎంగెన్ బూట్ల మీద పడసాగింది. ఎంత తొందరపాటు మనిషైనా ఆయన కూడా కదల్లేదు.

"ర... ర... రెనే స్కోగెన్."

వచ్చింది. వంకరగా, చెమటతో తడిసి, ఎవరి తోడూ లేకుండా వచ్చింది. రెనే ఏడుస్తూ నవ్వుతూ వెళ్ళి అతని పక్కన నిలబడింది.

ఆర్డిస్ జనాన్ని తోసుకుంటూ వచ్చి కొడుకు చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "బాగా పిలిచావురా."

"అమ్మా," అన్నాడు లైల్, చెవి రుద్దుకుంటూ. "నాకు బ... బాగానే వినపడుతుంది."

ఇక దాచేదేముంది? యంత్రం నడుము నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. రెనే సంగతంతా చెప్పింది. చర్చి మొత్తం ఒక్క పెద్ద ఊపిరి వదిలింది.

"నత్తికా?" అన్నాడు మిల్ఫర్డ్. "ఓస్, ఇంతేనా? చెవుడని మేం హడలి చస్తే. నత్తి ఉందని మాకు తెలియదా? నీ బాప్తిస్మం నాటి నుంచీ చూస్తున్నాం. నీ ఏడుపు కూడా ఆగి ఆగి వచ్చేది."

"మ... మరి ఒక్కరూ ఎప్పుడూ అనలేదే?"

"అనడం బాగుండదని."

"నేనూ అందుకే చెప్పలేదు," అన్నాడు లైల్.

పాస్టర్ ఎంగెన్ బూట్ల మీది వెన్న తుడుచుకోడానికి ఒక రుమాలు అడిగాడు.

యంత్రాన్ని యూనివర్సిటీకి తిరిగి ఇచ్చేశారు. ఆ చలికాలంలోనే లైల్ అలాంటిదే ఇంకోటి కొనుక్కున్నాడు. ఫోన్లో ట్రాక్టరు సామాన్లు తెప్పించుకునేటప్పుడు పెట్టుకుంటాడు, బాగా పనిచేస్తుంది. ఇంట్లో మాత్రం పెట్టుకోడు. అతను ఆగి ఆగి పిలుస్తుంటే రెనే ఆ ఆగినంతసేపూ చేతిలో పని వదిలేసి వింటుంది. ఈల కూడా అప్పుడప్పుడూ వేస్తాడు.

ఆ మరుసటి ఏడు నుంచీ రెండు చర్చిలూ కలిసే విందు చేస్తున్నాయి, నంబర్లు అందరూ కలిసే పిలుస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది నార్వే నుంచి వచ్చిన ఆచారం అనుకుంటారు. కాదని చెప్పడం బాగుండదని ఎవరూ చెప్పరు. అక్కాచెల్లెళ్ళు ఒకే పొయ్యి ముందు నిలబడి ఉప్పు దగ్గర పోట్లాడుకుంటారు. మనసులో మాట పైకి చెప్పుకోవడమే మంచిదని ఆ రోజుతో ఊరంతటికీ బుద్ధొచ్చింది.

ఆ చేప నచ్చదన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎవరికీ చెప్పలేదు.